పెళ్లి ముందు వాక్సింగ్: వరస తప్పితే చర్మానికే చేటు

సంపాదకులు గారికి,

నమస్కారం. ముహూర్తాల నెలలు దగ్గరపడగానే పత్రికల మహిళా పేజీల్లో పెళ్లికూతురి సింగారం చిట్కాలు మొదలవుతాయి. వాటిలో వాక్సింగ్ ఎలా చేసుకోవాలో ఉంటుంది కానీ ఎప్పుడు చేసుకోకూడదో ఉండదు. ఒళ్లు ఎర్రబడినా, చీము పొక్కులు లేచినా, నల్లమచ్చలు పడినా చాలామంది ‘ఆ వాక్స్ మంచిది కాదు’ అనో, ‘నా ఒంటికి పడదు’ అనో తేల్చేస్తారు. చాలాసార్లు తప్పు వాక్స్‌ది కాదు, పనుల వరసది. పొద్దున వాక్స్ లాగిన చర్మం మీదే సాయంత్రం బ్లీచ్, మర్నాడు మెహందీ, ఆ మర్నాడు నలుగు పడుతున్నాయి. ఇక వాక్స్ పెట్టేముందు ‘మొహానికి ఏం రాస్తున్నావమ్మా?’ అని అడిగే పార్లర్లు చాలా తక్కువ. ముఖ్యంగా ఈ రెండు విషయాలు చెప్పడానికే ఈ ఉత్తరం.

వాక్స్ వెంట్రుకను కుదురుతో సహా లాగుతుంది. దాంతోపాటు చర్మం పైన ఉండే మృతకణాల పొరను కూడా కొంత పట్టుకొస్తుంది. లోపలి తడి బయటికి పోకుండా, బయటి రసాయనాలూ క్రిములూ లోపలికి రాకుండా ఆపేది ఆ పొరే. వెంట్రుక ఊడిన రంధ్రం కూడా కొన్ని గంటలపాటు తెరుచుకునే ఉంటుంది. అందుకే లాగిన చోట ఎర్రదనం, వెంట్రుక కుదుళ్ల దగ్గర ఆవగింజలంత బొడిపెలు, కాస్త మంట రావడం మామూలే. ఒకటి రెండు రోజుల్లో అవే తగ్గిపోతాయి. ఆ రెండు రోజులూ చర్మాన్ని దాని మానాన వదిలేస్తే చాలు. పెళ్లింట్లో వదిలెయ్యరు, అదీ చిక్కు.

ముందు క్రీముల సంగతి. పై పెదవికి వాక్స్ పెట్టి లాగితే వెంట్రుకలతోపాటు చర్మమూ పొరలా లేచి రావడం, తడిగా ఎర్రటి పుండు పడటం, అది గోధుమరంగు పక్కు కట్టి చివరికి నల్లమచ్చగా మిగలడం పార్లర్లలో కొత్తేమీ కాదు. అలా జరిగినవాళ్లను అడిగితే రాత్రిళ్లు ఏదో ఒక క్రీము రాసుకుంటున్నట్టు తరచుగా బయటపడుతుంది. మంగు మచ్చలకనో, తెల్లబడటానికనో మందుల షాపులో అడిగి తెచ్చుకునే ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు కలిపి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్ లాంటి ఒక స్టీరాయిడ్. ట్రెటినోయిన్ చర్మం పైపొరను త్వరత్వరగా రాలగొట్టి పలచన చేస్తుంది. స్టీరాయిడ్ నెలల తరబడి రాస్తే చర్మమే సన్నబడిపోతుంది. అలాంటి చర్మం మీద పెట్టిన వాక్స్‌కి వెంట్రుకకూ తోలుకూ తేడా తెలియదు. ఇప్పుడు అమ్మాయిలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్న రెటినాల్ సీరమ్‌లు, మొటిమలకు రాసే అడాపలీన్ జెల్, గ్లైకాలిక్ యాసిడ్ పీల్‌లు కూడా ఇదే పని చేస్తాయి, కాకపోతే కాస్త తక్కువ మోతాదులో.

కాబట్టి మొహానికి వాక్స్ అనుకున్నప్పుడు ట్యూబు వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. ట్రెటినోయిన్, అడాపలీన్, రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్, వీటిలో ఏది కనిపించినా కనీసం వారం ముందు ఆపెయ్యాలి. స్టీరాయిడ్ క్రీము నెలల తరబడి రాసినవాళ్లు మొహానికి వాక్స్ అసలు పెట్టించుకోకూడదు. ఆ క్రీమును సొంతంగా ఉన్నట్టుండి మానేసినా మొహం ఎర్రగా ఉబ్బి మండుతుంది కనక చర్మ డాక్టరుకు చూపించి మెల్లగా మానుకోవాలి. ఇలాంటి స్టీరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం వాటిని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. కానీ కౌంటర్ దగ్గర పేరు చెబితే ఇప్పటికీ చేతిలో పెట్టేస్తున్నారు. ఇక మొండి మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడేవాళ్లయితే, వాడుతున్నంత కాలం, మానేశాక మరో ఆరు నెలలు ఒంటి మీద ఎక్కడా వాక్స్ పెట్టుకోకూడదు. మందుతోపాటు వచ్చే కాగితంలోనే ఆ మాట ఉంటుంది, ఆ కాగితం ఎవరూ విప్పరు.

ఇప్పుడు పెళ్లి వారానికి వద్దాం. బ్రైడల్ ప్యాకేజీ అంటే ఫుల్ హ్యాండ్స్, ఫుల్ లెగ్స్, అండర్ ఆర్మ్స్, బ్లీచ్, ఫేషియల్ అన్నీ ఒక్క పూటలో. పార్లర్‌కు అది సౌకర్యం, పెళ్లివారికీ ఒక్కసారి వెళ్తే పని అయిపోతుంది. చర్మానికే కష్టం. బ్లీచ్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా. పైపొర లేచిపోయిన చోట అవి పడితే మంటతో ఆగదు, రసాయనపు గాయమే అవుతుంది. నొప్పి పుడుతున్నా ‘కాసేపు ఓర్చుకో, పని చేస్తోందన్నమాట’ అనడం కొందరికి అలవాటు. అది పని చెయ్యడం కాదు, కాలడం. వెంటనే కడిగెయ్యాలి.

నలుగు మంచిదే, ఎవరూ కాదనరు. కానీ సున్నిపిండి రవ్వరవ్వగా ఉంటుంది. దానికి పసుపు, నువ్వుల నూనె చేర్చి వదినలూ పిన్నులూ పోటీపడి రుద్దుతారు. ముందురోజు వాక్స్ చేసిన కాళ్లూ చేతులూ ఆ రాపిడికి కందిపోతాయి. తెరుచుకున్న కుదుళ్లలోకి నూనె, పిండి చేరి పూడుకుపోతే రెండో రోజుకల్లా ఎర్రటి పొక్కులు లేస్తాయి.

మెహందీది ఇంకో రకం ప్రమాదం. మామూలు గోరింటాకు మొదట నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా ముదురుతుంది. గంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లలో మాత్రం జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది పడనివాళ్లకు డిజైను గీసిన గీత వెంబడే దురద, వాపు, నీటిబుడగలు వస్తాయి. అవి కూడా వెంటనే రావు. ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుని, సరిగ్గా తలంబ్రాల వేళకు బయటపడతాయి. అప్పటికే తలకు రంగు వేసుకునే అలవాటుండి, ఎప్పుడైనా దురద వచ్చినవాళ్లు ఈ కోన్‌ల జోలికే పోకూడదు. పైపొర చెదిరిన చర్మంలోకి ఆ రసాయనం మరింత తేలిగ్గా దిగుతుంది. రంగు ముదరాలని రాసే నీలగిరి తైలం, లవంగ నూనె కూడా కొత్తగా వాక్స్ చేసిన ముంజేతిని మండిస్తాయి. అలాగని మెహందీ పెట్టాక వాక్స్ చేస్తే పండిన పొర కాస్తా వాక్స్‌తోనే ఊడొచ్చి రంగు మచ్చలు మచ్చలుగా మిగులుతుంది. కాబట్టి వాక్స్ ముందు, మెహందీ తరవాత అన్న పద్ధతి సరైనదే, మధ్యలో ఎడం లేకపోవడమే తప్పు.

ఆదివారం ముహూర్తం అనుకుందాం. బ్లీచ్, ఫేషియల్ అంతకుముందు వారంలోనే ముగించాలి. వాక్సింగ్ మంగళవారం, మెహందీ శుక్రవారం, నలుగు శనివారం. ఇలా పెట్టుకుంటే వాక్సింగ్ తరవాత మెహందీకీ నలుగుకూ మూడు నాలుగు రోజుల ఎడం దొరుకుతుంది. వీలైతే పెళ్లికి నెలన్నర, రెండు నెలల ముందు ఒకసారి అదే పార్లర్‌లో, అదే వాక్స్‌తో చేయించుకుని చూడాలి. పడుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది, తేడా వచ్చినా తగ్గించుకోవడానికి వ్యవధి ఉంటుంది. అంత తీరిక లేకపోతే మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర వాక్స్ పెట్టి లాగి, రెండు రోజులు ఆగి చూసినా సరే.

వాక్స్ పెట్టే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వెంట్రుకలు లోపలికి మొలవడం, చర్మం కమిలిపోవడం ఎక్కువగా ఇక్కడి పొరపాట్ల వల్లే. వెంట్రుక పావు అంగుళం, అంటే బియ్యపు గింజంత పొడవుండాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే వాక్స్‌కి పట్టు చిక్కదు. మరీ పొడుగ్గా ఉంటే లాగేటప్పుడు నొప్పి ఎక్కువ, ముందు కత్తిరించుకోవాలి. చర్మం మీద నూనె, లోషన్, చెమట ఏవీ ఉండకూడదు. కడిగి, పూర్తిగా ఆరాక పలచగా పౌడర్ అద్దాలి. ఎండాకాలం ఉక్కపోతకు, ముఖ్యంగా కోస్తాలో, పౌడర్ వేసిన అయిదు నిమిషాలకే చెమట పట్టేస్తుంది. పట్టు దొరక్క అదే చోట మళ్లీ మళ్లీ వాక్స్ పెడతారు. ఫ్యాన్ కింద, వీలైతే ఏసీలో చెయ్యడం విలాసం కాదు. ఒకే చోట రెండుసార్లకు మించి వాక్స్ పెట్టకూడదు. అప్పటికీ మిగిలిన ఒకటీ అరా వెంట్రుకలను ప్లకర్‌తో తియ్యాలి.

వాక్స్ తేనెలా నిదానంగా జారాలి, నీళ్లలా పారకూడదు. హీటర్ లేకుండా డబ్బాను నేరుగా గ్యాస్ స్టవ్ మీద పెడితే అడుగున మరుగుతుంటుంది, పైన గట్టిగానే కనిపిస్తుంది. మైక్రోవేవ్‌లో పెట్టినా ఇదే తంతు, నడిమధ్యలో ఒకచోట కాలిపోతుంటుంది. అందుకే బాగా కలియబెట్టి, చేసేవాళ్లు ముందు తమ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూసుకోవాలి. మందంగా పూస్తే బాగా లాగుతుందనుకోవడం తప్పు, స్ట్రిప్ అంటే పట్టీ అంటించి లాగే వాక్స్ ఎంత పలచగా పూస్తే అంత శుభ్రంగా వస్తుంది. వెంట్రుక మొలిచిన దిశలో పూసి, స్ట్రిప్‌ను అదే దిశలో రెండు మూడుసార్లు నిమిరి, ఒక చేత్తో చర్మాన్ని బిగపట్టి, రెండో చేత్తో ఎదురు దిశలో చర్మానికి ఆనుకుని ఒక్క ఊపున లాగాలి. స్ట్రిప్‌ను పైకి, ఆకాశం వైపు లాగుతారు చూడండి, దానివల్లే వెంట్రుక మధ్యలో తెగి, ఆ ముక్క వంకర తిరిగి చర్మం లోపలే పెరుగుతుంది. చర్మం కూడా లేచి కమిలి నీలంగా కందుతుంది. చంకల్లో చర్మం వదులు, పైగా వెంట్రుకలు రెండు మూడు దిక్కులకు మొలుస్తాయి. అక్కడ చెయ్యి తల వెనక్కి పెట్టించి, చిన్నచిన్న ముక్కలుగా, ఏ దిక్కుకు ఆ దిక్కు చూసుకుని చెయ్యాలి. ఒకే స్ట్రిప్‌తో చంకంతా లాగెయ్యడం పనిమంతుల లక్షణం కాదు.

ఇంట్లో చేసుకునే పంచదార వాక్స్ గురించి మీ పత్రికతో సహా చాలా పత్రికలు చిట్కాలు వేస్తుంటాయి. రెండు కప్పుల పంచదార, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు, కొలత వరకూ సరిగానే ఉంటుంది. నిమ్మరసంలోని పులుపు పంచదారను విడగొట్టి మళ్లీ పలుకులు కట్టకుండా చూస్తుంది. సన్నని సెగ మీద, అరిసెలకు పట్టే ఉండపాకం కన్నా కాస్త ముదరనిచ్చి, తేనె రంగుకు వచ్చాక దించాలి. చల్లారాక పెళుసుగా విరిగితే ముదిరిపోయినట్టు, చెంచాడు నీళ్లు పోసి మళ్లీ కరిగించుకోవాలి. చిట్కాల్లో రాయనిదల్లా దాని వేడి. ఆ దశలో పాకం 120 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉంటుంది. 60 డిగ్రీల నీళ్లే అయిదు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలవు. నీళ్లయితే జారిపోతాయి, పాకం అంటుకుని అక్కడే కాలుస్తూ ఉంటుంది. కనీసం అరగంట ఆగి, గోరువెచ్చన అయ్యాకే ముట్టుకోవాలి. ఇందులో ఉండేది పంచదారే కనక మిగిలిన జిగట గోరువెచ్చని నీళ్లతో పోతుంది. పార్లర్‌లో వాడే రోజిన్ (పైన్ చెట్ల బంక) వాక్స్ నీళ్లకు పోదు, కొబ్బరినూనెతో తుడవాలి.

వేడి వాక్స్ గానీ పాకం గానీ పడి కాలితే, దాన్ని లాగెయ్యడానికి ప్రయత్నించకూడదు, చర్మం కూడా వచ్చేస్తుంది. ఉన్నపళంగా కుళాయి కింద పెట్టి 20 నిమిషాలు చల్లని నీళ్లు పారించాలి. ఐసు ముక్కలు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ వద్దు. బొబ్బ లేస్తే చిదపకూడదు. మొహం మీద కాలినా, అరచేతికి మించి కాలినా ఆస్పత్రికి వెళ్లాలి.

వాక్స్ చేశాక ఏ తేడా ఎన్నాళ్లకు వచ్చిందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. అప్పటికప్పుడు ఎర్రబడి ఒక రోజులో తగ్గితే భయం లేదు. రెండు మూడు రోజులకు తల తెల్లగా ఉన్న చీము పొక్కులు లేస్తే కుదుళ్లలో క్రిములు చేరినట్టు. చెమట, బిగుతు లెగ్గింగ్స్, జిమ్ముకు వెళ్లడం, శుభ్రంలేని స్ట్రిప్పు, వీటిలో ఏదో ఒకటి కారణం అయివుంటుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెడితే చాలావరకు మానిపోతాయి. ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. అదే రెండు మూడు రోజులకు చీము లేకుండా, వాక్స్ పూసిన మేరంతా దురదపెట్టి, చెమ్మగిల్లుతూ దద్దురు లేస్తే అది అలర్జీ. రోజిన్ గానీ సువాసన గానీ పడలేదన్నమాట. రోజిన్ గాయాలకు అంటించే కొన్ని ప్లాస్టర్ల జిగురులో కూడా ఉంటుంది. ప్లాస్టర్ వేసిన చోట దద్దురు లేచే తత్వం ఉన్నవాళ్లు పంచదార వాక్స్‌కు మారడం మేలు. వారం పది రోజులకు గట్టిగా, నొప్పిగా బొడిపెలు వచ్చి, లోపల నల్లగా వెంట్రుక చుట్ట కనిపిస్తే అది లోపలికి మొలిచినది. సూదితో గుచ్చి తియ్యకూడదు, మచ్చ పడుతుంది. లాగిన నాలుగైదు రోజుల నుంచి వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్దుకుంటే ఇవి తగ్గుతాయి.

వీటన్నిటి వెనకే వచ్చేది నల్లదనం. మన చామనఛాయ చర్మానికి ఏ మంటైనా వాపైనా తగ్గేటప్పుడు రంగు మిగిల్చిపోవడం సహజ గుణం. ఆ మచ్చ పోవడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. తొందరపడి మళ్లీ ఆ తెల్లబరిచే క్రీమే రాస్తే కథ మొదటికొస్తుంది. ఎండ తగలనివ్వకుండా, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాసుకోవాలి. లాగిన మొదటి రెండు రోజులూ వేడినీళ్ల స్నానం, డియోడరెంట్, సెంటు, ఈత మానెయ్యాలి. కొందరు యాంటిసెప్టిక్ ద్రవాన్ని నీళ్లు కలపకుండా పూస్తారు, అది మేలు చెయ్యకపోగా చర్మాన్ని కాలుస్తుంది. గుడ్డలో చుట్టిన ఐసు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు.

పార్లర్‌లో కూర్చున్నప్పుడు చూడాల్సినది ఒకటుంది: స్పాచ్యులా, అంటే వాక్స్ పూసే పుల్ల. ఒంటికి పూసిన స్పాచ్యులానే మళ్లీ డబ్బాలో ముంచుతున్నారా, ముంచిన ప్రతిసారీ కొత్తది తీస్తున్నారా? వాక్స్ వేడిగా ఉంటుంది కనక క్రిములు చచ్చిపోతాయనే మాట నమ్మొద్దు. చర్మం ఓర్చుకోగలిగే వేడికి క్రిములూ చాలావరకు ఓర్చుకుంటాయి. గుడ్డ స్ట్రిప్పులను ఉతికి మళ్లీ వాడే అలవాటు ఇంకా పోలేదు. ఒకరి వాక్స్, వెంట్రుకలు, ఒక్కోసారి రక్తపు చుక్కలు అంటిన గుడ్డ సబ్బునీళ్లతో శుభ్రపడదు. వాడి పారేసే స్ట్రిప్పులే అడగండి. వైరస్ వల్ల వచ్చే పొక్కులు, పులిపిర్లు ఉన్న చోట వాక్స్ పెడితే అవి లాగిన దారి వెంబడే వరసగా కొత్తవి మొలుస్తాయి. పెదవి చుట్టూ జ్వరపు పొక్కులు ఉన్నప్పుడు పై పెదవి వాక్స్ పూర్తిగా మానుకోవాలి.

షుగరు ఉన్నవాళ్లకు, ముఖ్యంగా పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లకు కాళ్ల మీద వేడి వాక్స్ వద్దు. కాలుతున్నట్టు వాళ్లకు తెలియదు, పడిన పుండు త్వరగా మానదు. ఉబ్బిన నరాలు ఉన్నవాళ్లు ఆ మేర వదిలెయ్యాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగాలి. గడ్డం కింద, దవడ మీద కొత్తగా గరుకు వెంట్రుకలు మొలుస్తూ, నెలసరి కూడా తప్పుతున్న అమ్మాయిలకు వాక్సింగ్ మందు కాదు, హార్మోన్ల పరీక్ష కావాలి. పదిహేను రోజులకోసారి గడ్డం లాగించుకుంటూ పోతే వెంట్రుకలు ఆగవు, పొక్కులూ నల్లదనమూ అదనంగా వస్తాయి.

చివరగా ఓణీల ఫంక్షన్లు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు ఫొటోల కోసం మొదటిసారి చేతులూ కాళ్లూ మొహమూ ఒకే రోజు వాక్స్ చేయిస్తున్నారు, అదీ ఫంక్షన్ ముందురోజు సాయంత్రం. ఆ వయసులో చర్మం సున్నితం, మొహం మీద ఉన్నది నూగు మాత్రమే. ఆ పిల్ల ‘మంటగా ఉందమ్మా’ అంటే ఓర్చుకోమనేది తల్లే. మొహానికి ఏమీ చేయించక్కర్లేదు. చేతులకు తప్పదనుకుంటే వారం ముందు, మోచేతి దగ్గర చిన్న చోట పెట్టి చూసి, పంచదార వాక్స్‌తో చేయించండి. వద్దని పిల్ల అంటే అక్కడితో ఆపెయ్యండి.

ఇట్లు,
బ్యూటీషియన్ కోర్సు బోధకురాలు,
గుంటూరు